పదిహేడో పీపా

షాంటిలీ దాటి రూట్ 50 మీద పడమరకి ఓ గంట పోతే, గుర్రాల ఫారాలు అయిపోయాక, ఎడంపక్కన పొడుగాటి తెల్ల షెడ్డు ఒకటి వస్తుంది. పగలు చూస్తే ముచ్చటేస్తుంది. సున్నం కొట్టిన మందపాటి గోడలు, పైన ఎక్కడో చిన్నచిన్న కిటికీలు, వాటికి గడ్డి చాపలు. వేసవిలో పెళ్ళి ఫోటోల కోసం జంటలు వరసకడతాయి.

పొద్దు గుంకాక మాత్రం అక్కడ ఒక్కరు ఉండరు.

అసలు భయం షెడ్డంతటికీ కాదు. లోపల వైన్ పీపాల మధ్య నాలుగు సందులున్నాయి. మొదటి సందులో రాత్రిపూట పాటలు పెట్టుకుని పని చేసినవాళ్ళున్నారు. నాలుగో సందులో కునుకు తీసినవాళ్ళూ ఉన్నారు. పేరు చెడింది మూడోదానికి.

అక్కడ ఏమీ కనిపించదు. ఏమీ వినిపించదు. వాసన వస్తుంది, అంతే — అప్పుడే ఒలిచిన నారింజపండు వాసన.

ఇంతేనా అని నవ్వినవాళ్ళున్నారు. అలా నవ్విన గార్డు ఒకడు మొదటి రాత్రి డ్యూటీలోనే టోపీ, ఫ్లాస్కు వదిలేసి కారెక్కాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒకావిడ బండిని సందు మధ్యలో నిలిపేసి, ఇంజన్ కూడా ఆపకుండా వెళ్ళిపోయింది. మర్నాడు మెసేజ్ పెట్టింది, ఇక రానని. ఎందుకో రాయలేదు... ఎవరూ అడగనూ లేదు.

ఎందుకంటే ఆ షెడ్డులోకి పండ్లు తేకూడదు. వైన్‌కి పరాయి వాసన తగలకూడదని మొదట్నించీ ఉన్న రూలు. ఆ రూలు వర్తించని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఆయన పేరు ఎలాదియో. స్పెయిన్‌లో హెరెజ్ అనే ఊరి మనిషి. ముప్పై ఏళ్ళ కిందట అక్కడి పాత పీపాలు ఓడలో వేయించుకుని ఇక్కడికి వచ్చాడు. షెర్రీ అనే వైన్ ఆ ఊరిదే. ఇక్కడ చేసి సీసా మీద ఆ పేరు రాసుకోవడానికి చట్టం ఒప్పుకోదు గానీ, పద్ధతి మాత్రం పూర్తిగా అక్కడిదే. నేల మీద పసుప్పచ్చటి ఇసుక పరిచి, వాకిట్లో కల్లాపి చల్లినట్టు సాయంత్రం పూట దాని మీద నీళ్ళు చల్లేదాకా అన్నీ ఆ ఊరి అలవాట్లే.

ఎలాదియో పనంతా ముక్కుతో. పొడుగాటి పుల్లకి చిన్న గిన్నె బిగించిన గరిట ఒకటుంటుంది, దాన్ని పీపాలోకి దించి, వైన్ పైకి తీసి, గ్లాసులో పోసి వాసన చూసేవాడు. తరవాత పీపా మొహం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. ఒక గీత అంటే పల్చటి రకానికి పనికొస్తుంది. రెండు గీతలంటే ముదురు రకానికి. ఇంటూ గుర్తు పెట్టాడంటే అది చెడిపోయింది, పారబోయాలి.

నాలుగైదు పీపాలు చూసేసరికి ఎంతటి ముక్కయినా అలిసిపోతుంది. అప్పుడు జేబులోంచి నారింజపండు తీసి ఒలిచి, ఆ తొక్క ఒకసారి గట్టిగా పీల్చి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఒక సెప్టెంబరు రాత్రి మూడో సందులో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున్న తలుపు తీసి చూసింది హెక్టర్, అక్కడ పాతికేళ్ళుగా పని చేస్తున్నవాడు. ఒళ్ళో సగం ఒలిచిన పండు ఉందట. షెడ్డంతా అదే వాసనట.

ఆ తరవాత షెడ్డు చేతులు మారి కృష్ణమోహన్ గారి దగ్గరికి వచ్చింది. షాంటిలీలో ఇరవై ఏళ్ళు కన్సల్టింగ్ కంపెనీ నడిపి, విసుగొచ్చి, అది వదిలేసి ఇది తీసుకున్నారాయన. గేటు మీద భార్య పేరు పెట్టారు, విద్యా సెల్లార్స్ అని. వైన్ గురించి ఆయనకి తెలిసింది రెండే — ఎర్రది ఒకటి ఉంటుందని, తెల్లది ఒకటి ఉంటుందని. అందుకని తెలిసిన మనిషిని పెట్టుకున్నారు.

ఆ తెలిసిన మనిషి దేదీప్య. ఖమ్మం అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు, ఫుడ్ సైన్స్‌లో మాస్టర్స్ చేసింది. దోసెల పిండి పొంగడం దగ్గర్నించీ పులిసేదేదైనా ఆ పిల్లకి చిన్నప్పట్నించీ సరదా. చేరిన కొత్తల్లో పొద్దస్తమానం పీపాల మధ్యే తిరిగేది.

ఇంకో సంగతి. ఆ పిల్లకి రాత్రిపూట మూడో సందులోకి వెళ్ళడమంటే జంకు లేదు. వెళ్ళేది, పని చూసుకునేది, వచ్చేది. ఎంత ధైర్యమో అని అందరూ అనుకున్నారు. ధైర్యం కాదు, ఏం కాదు... ఆ పిల్లకి వాసన రాదు.

నవంబరులో ఐదు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఆరో రోజు పొద్దున్న కాఫీ కలుపుకుంటే కప్పులో వేణ్ణీళ్ళున్నట్టే ఉంది. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. ఏమీ లేదు. డాక్టరు చూసి, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఒక్కోసారి లేని వాసనలు కూడా వస్తాయి, అది మెదడు చేసే మోసం, కంగారు పడొద్దు అని కూడా అన్నాడు.

అప్పుడైనా ఏడవాలి కదా మనిషి. ఏడుపు రాలేదు. వాసనతోపాటు ఇంకేదో కూడా పోయింది. పుట్టినరోజు వస్తే సంతోషం లేదు, ఎవరైనా ఓ మాటంటే బాధా లేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మనది కానట్టు ఉంటుంది చూడండి, దేదీప్యకి ఒళ్ళంతా, రోజంతా అలాగే ఉండేది. మొద్దుబారిపోయింది. తింటోంది, పని చేస్తోంది, నిద్రపోతోంది.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఆగస్టుకి ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ పని చేసుకునే గడువు, అయిపోతుంది. ఆలోపు కృష్ణమోహన్ గారు హెచ్‌వన్‌బీ వీసాకి దరఖాస్తు వేయాలి. ఆయన వేసేది ముక్కు ఉన్న మనిషి కోసం. ముక్కు లేని వైన్‌మేకర్ ఎవరికి కావాలి? ఈ ఒక్క విషయం తెలిసిపోతే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది, బ్యాగు సర్దుకోవడమే.

మూడు నెలలు మిషన్ల మీద నెట్టుకొచ్చింది. ఆసిడ్ ఎంత, ఆల్కహాల్ ఎంత — మిషను చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకునేది. ఆ తరవాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తల ఊపేది. కృష్ణమోహన్ గారు దూరంనుంచి చూసి తల ఊపేవారు.

కానీ ఆ మిషన్లకి తెలియనిది ఒకటుంది. చెక్కకి పట్టిన బూజు. పాత పీపాలో ఏదో ఒక చెక్క సందున బూజు పడితే, వైన్‌కి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. దాన్ని ముక్కే పట్టాలి.

పోనీ, ఒక పీపా పాడైతే పాడైంది అనుకోవడానికీ వీల్లేదు. హెరెజ్ పద్ధతిలో పీపాలు అంతస్తులుగా పేరుస్తారు. సీసాల్లోకి పోసే వైన్ అట్టడుగు పీపాల్లోంచి కొంచెమే తీస్తారు. ఎంత తీశారో అంత పై అంతస్తు నుంచి నింపుతారు, దాన్ని ఆ పైదానితో నింపుతారు. కొత్త వైన్ చేరేది అన్నిటికంటే పైన. ఏ పీపా ఎప్పుడూ ఖాళీ కాదు. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడేసుకున్నట్టే, ముప్పై ఏళ్ళ కిందటి వైన్ ఇవాళ్టి సీసాలో కూడా చుక్కంత ఉంటుంది. అలాంటిదాంట్లో బూజు పట్టినది ఒక్కటి పైన కలిసిందా, అంతస్తు తరవాత అంతస్తు దిగి మొత్తం పాడైపోతుంది. ఎలాదియో చేసిన పనంతా పాడైపోతుంది.

ఫిబ్రవరి నెలాఖరున ఒక సోమవారం సాయంత్రం కృష్ణమోహన్ గారు ఫోన్ చేశారు.

"అమ్మా దేదీప్యా, మాయ రేపే వస్తోందట. గురువారం కాదు, ఫ్లైట్ చేంజ్ అయింది. తొమ్మిదికల్లా ఇక్కడుంటుంది."

మాయ అంటే వీళ్ళ వైన్ చికాగో వైపు షాపులకి తీసుకునే కంపెనీలో రుచి చూసే మనిషి. ఆ చికాగో పక్కనే అరోరాలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. ఆమె ముక్కుని దాటి ఏదీ పోదని పేరు.

"కొత్త వైన్ పీపాలు మార్కింగ్ అయ్యాయా?"

"ఇంకా లేదు అంకుల్. ఇరవై రెండు ఉన్నాయి."

"ఎక్కడున్నాయవి?"

"మూడో సందులో."



"నేనే వద్దామనుకున్నాను గానీ, పొద్దుట్నించీ ఛాతీలో గ్యాస్ పట్టేసినట్టుందమ్మా. హెక్టర్ చీకటి పడ్డాక రానంటాడు. నువ్వొక్కదానివే మేనేజ్ చేస్తావా? ఏమన్నా ప్రాబ్లమ్ ఉంటే చెప్పు... పర్లేదు."

"ప్రాబ్లమ్ ఏం లేదు అంకుల్."

"సరే. మాయ చూడగానే రేపే పైన కలిపేద్దాం. నీ వీసా పేపర్స్ కూడా రేపే సైన్ చేసేస్తాను, లాయర్ అడుగుతున్నాడు."

దేదీప్య ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండిటి శాంపిల్సూ కిందటి వారమే గుట్టుగా బయటి ల్యాబ్‌కి పంపింది, బూజు ఉందో లేదో తేల్చమని. రిపోర్టు బుధవారం వస్తుంది. ఇప్పుడిక దానితో పని లేదు. గుండె దడదడలాడాలి నిజానికి. ఆడలేదు. ఆడటం లేదే అని మాత్రం గమనించింది.

గేటు దగ్గర హెక్టర్ కారు ఆపి అద్దం దించాడు. తన ఇంగ్లీషులో, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆయన తొక్క ఎలా ఒలిచేవాడో తెలుసా నీకు? ఎక్కడా తెగేది కాదు. ఒకే రిబ్బను. పీపా మీద పెట్టేవాడు."

"తెలీదు."

"వాసన వస్తే... పరిగెత్తకు. ఆయన పని చేసుకుంటున్నాడు, అంతే."

నాకు రాదులే అనబోయి, నోరు మూసుకుంది దేదీప్య. హెక్టర్ కారు రోడ్డెక్కింది. ఎర్ర లైట్లు చెట్ల వెనక్కి పోయాయి... ఇక ఆ చుట్టుపక్కల తను తప్ప ఎవరూ లేరు.

లోపల గడియ పెట్టుకుంది. మూడో సందులో రెండే బల్బులు. తడి ఇసుక మీద అడుగు పడితే చప్పుడు కూడా రాదు. నోట్‌బుక్, సుద్దముక్క, టార్చి, గరిట, గ్లాసు — అన్నీ స్టూలు మీద పెట్టుకుని మొదలుపెట్టింది. ఎవరూ చూడకపోయినా గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళేది. అలవాటైపోయింది.

ఒకటి. రెండు. మూడు. నోట్‌బుక్‌లో అంకెలు చూడటం, గీత పెట్టడం. పల్చటివాటికి ఒకటి, ముదురువాటికి రెండు. పది అయ్యేసరికి చేతివేళ్ళు చలికి కొయ్యబారాయి. పదహారు కూడా అయింది.

పదిహేడోది అన్నిటికంటే బాగుంది. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక గీత పెట్టి, పద్దెనిమిదో పీపా వైపు తిరిగింది...

అప్పుడు వచ్చింది.

సన్నగా. చల్లగా. ముక్కు పైన ఎక్కడో సూదితో పొడిచినట్టు.

దేదీప్య ఆగిపోయింది. అదేమిటో తెలియడానికి ఒక క్షణం పట్టింది. మూడు నెలలయింది మరి. గోరు దించితే పైకి చిమ్మే ఆ తుంపర... ఆ పులుపు, ఆ చేదు...

నారింజ.

పరిగెత్తలేదు. హెక్టర్ చెప్పాడని కాదు. భయం రావడానికి లోపల ఏదో ఉండాలి కదా, అది కదలలేదు. చేతిలో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. జాకెట్ చేయి వాసన చూసుకుంది. లేదు. ల్యాబ్ గదిలోకి నడిచి, కాఫీ డబ్బా మూత తీసి, మొహం మొత్తం అందులో పెట్టింది. లేదు. మట్టి పీల్చినా ఒకటే, అది పీల్చినా ఒకటే.

డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. లేని వాసనలు వస్తాయి. మెదడు చేసే మోసం.

సరే అనుకుని వెనక్కి వచ్చింది. మూడో సందు మొదట్లో ఏమీ లేదు. ఐదో పీపా దగ్గర లేదు. పన్నెండు... పద్నాలుగు... లేదు. పదహారు దగ్గర సన్నగా తగిలింది. పదిహేడు దగ్గర గుప్పుమంది. పద్దెనిమిది దాటితే మళ్ళీ లేదు.

అక్కడ మొదటిసారి దేదీప్య వీపు మీద వెంట్రుకలు లేచాయి. మెదడు చేసే మోసమైతే తనతోపాటు తిరగాలి. ఇది తిరగడం లేదు. ఒక చోట నిలబడి ఉంది.

టార్చి వేసి పీపా కింద చూసింది. వెనక చూసింది. పైన చేత్తో తడిమింది, దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు. నేల మీద వెలుగు తిప్పింది. తడి ఇసుకలో తన బూట్ల గుర్తులున్నాయి, వెళ్ళినవి, వచ్చినవి. ఇంకెవరివీ లేవు.

"ఇదా?" అంది గుసగుసగా. ఎవరిని అడిగిందో తనకే తెలియదు.

 వాసన ఇంకొంచెం దగ్గరికి వచ్చింది... పక్కనే ఒకరు నిలబడి పండు ఒలుస్తున్నంత దగ్గరికి.

దేదీప్య పీపా మొహం మీది గీత వైపు చూసింది. మిషను మాట వింటే ఈ గీత ఉండాలి. ఈ వాసన మాట వింటే తుడిచేయాలి. నిక్షేపంలాంటి పీపాకి ఇంటూ పెడితే, రేపు మాయ ఒక్కసారి వాసన చూసి, దీన్నెవరు చెడిపోయిందన్నారని అడుగుతుంది. అంతటితో తన ముక్కు సంగతి బయటపడుతుంది. తుడవకపోతే... నిజంగానే బూజుంటే... మాయ కూడా పట్టలేకపోతే... పై అంతస్తులో కలుస్తుంది. మెల్లగా కిందికి దిగుతుంది. ముప్పై ఏళ్ళ తోడు.

చాలాసేపు నిలబడింది. బల్బు సన్నగా గుయ్యిమంటోంది.

చివరికి చేయి ఎత్తి, జాకెట్ చేత్తో గీత తుడిచేసింది. సుద్దముక్క గట్టిగా నొక్కి ఇంటూ పెట్టింది.

వాసన పోయింది. తగ్గడం, పల్చబడటం కాదు... పని అయిపోయిందని లేచి వెళ్ళిన మనిషిలా, అక్కడ లేదు.

మిగతా ఐదూ గబగబా ముగించి, బయటికి వచ్చి, తాళం వేసి, లాగి చూసింది. ఇంటికి వెళ్ళి పడుకుంది గానీ నిద్ర రాలేదు. తెల్లవార్లూ తలగడ వాసన చూస్తూనే ఉంది. ఏమీ రాలేదు.

పొద్దున్న తొమ్మిదికి మాయ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, పెర్‌ఫ్యూమ్ లేకుండా, మాటల్లేకుండా. ఒక్కో పీపా దగ్గర ఆగి, గ్లాసు ముక్కు కింద రెండుసార్లు తిప్పి, గుక్కెడు పుక్కిలించి ఉమ్మేసి, ఫోన్‌లో టైప్ చేసుకుంటూ పోయింది. దేదీప్య పక్కనే నడిచింది. కృష్ణమోహన్ గారు సందు మొదట్లోనే నిలబడిపోయారు, లోపలికి రాలేదు.

పదకొండో పీపా దగ్గర మాయ ఆగింది. "రెండు లైన్స్ పెట్టారు. నేనైతే ఒకటి పెడతాను. ఓకే, అది టేస్ట్ బట్టి."

పదిహేడు దగ్గరికి వచ్చింది. ఇంటూ గుర్తు చూసింది. వాసన చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది ఎవరు మార్క్ చేసింది?"

"నేనే."

మాయ మళ్ళీ చూసింది. గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టి, గట్టిగా తిప్పి, మూడోసారి చూసింది. ఈలోపు దేదీప్య ఖమ్మం టికెట్ దాకా అన్నీ ఆలోచించేసింది, ఏ బాధా లేకుండా.

"వెట్ కార్డ్‌బోర్డ్," అంది మాయ నెమ్మదిగా. "చాలా చాలా కొంచెం ఉంది. ఈ క్రాస్ లేకపోతే నేను మిస్ అయ్యేదాన్ని. మీ ముక్కు నాకంటే బాగుంది."

సందు మొదట్లోంచి కృష్ణమోహన్ గారు దేదీప్య వైపు అదోలా చూశారు.

మాయ వెళ్ళిపోయాక ఆయన ఆఫీసు గదిలోకి పిలిచారు. బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. దేదీప్య ఎదురు కుర్చీలో కూర్చుంది. ఇక అంతా అయిపోయినట్టే. సంతోషం రావాలి కదా అని చూసుకుంది. రాలేదు.

ఆయన పెన్ను మూత తీసి, ఎడమచేత్తో ఛాతీ రుద్దుకుంటూ, కాగితం మీదికి వంగారు.

నారింజ.

దేదీప్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. అదే వాసన. రాత్రి పదిహేడో పీపా దగ్గర వచ్చిందే. చెడిపోయినదాని దగ్గర నిలబడి చెప్పినదే... ఇప్పుడు ఈయన దగ్గర.

ఆయన ఛాతీ మీద చెయ్యి ఇంకా కదులుతోంది. పెన్ను కాగితానికి ఆనింది. ఇంకో రెండు క్షణాలు నోరు మూసుకుంటే చాలు, సంతకం పడిపోతుంది. తరవాత ఎలా చెప్పినా, నీకెలా తెలిసిందని అడుగుతారు. ముక్కు గురించి అబద్ధం చెప్పినదాని మాట ఎవరు నమ్ముతారు?

"అంకుల్, ఆగండి."

ఆయన తలెత్తారు.

"సైన్ చేయకండి. నాకు వాసన రాదు అంకుల్. నవంబర్‌లో జ్వరం వచ్చినప్పట్నించీ రాదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. పదిహేడు దగ్గర నాకు బూజు వాసన రాలేదు... ఆరెంజ్ వాసన వచ్చింది. అదొక్కటే వచ్చింది. అందుకే ఇంటూ పెట్టాను." గొంతు వణికింది. అది తన గొంతేనా అనిపించింది. "ఇప్పుడు మీ దగ్గర వస్తోంది. ఆ గ్యాస్ గ్యాస్ కాదేమో అంకుల్. హాస్పిటల్‌కి వెళదాం."

కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని చేతుల మీద పడ్డాకే తెలిసింది. నాలుగో నెల నడుస్తోంది ఆ పిల్ల ఏడిచి.

కృష్ణమోహన్ గారు పెన్ను కింద పెట్టారు.

"నీకు వాసన రాదని నాకు తెలుసమ్మా," అన్నారు.

దేదీప్య ఏడుపు ఆపేసి చూసింది.

"డిసెంబర్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చావు. విద్య చేసిన పాయసం అడుగంటి మాడిపోయింది. అందరూ మెల్లగా కప్పు పక్కకి జరిపేస్తే, నువ్వొక్కదానివే బాగుందాంటీ అని రెండోసారి వేయించుకున్నావు. ఆ రాత్రే విద్య చెప్పింది, ఈ పిల్లకి ముక్కు పోయిందండీ అని. ఎప్పుడు చెబుతావా అని చూస్తూనే ఉన్నాం. మాయ ఫ్లైట్ మార్పించింది కూడా నేనే. నిన్న ఫోన్‌లో అయినా చెబుతావనుకున్నాను."

"మరి... రాత్రి నన్నొక్కదాన్నే..."

"వాసన రాని మనిషికి ఆ సందులో భయమేముంటుంది అనుకున్నానమ్మా. తప్పే. చెప్పకుండా పంపాల్సింది కాదు." ఆయన మళ్ళీ పెన్ను తీసుకున్నారు. "మిషన్లూ, లెక్కలూ నువ్వు చూసుకో. వాసనకి మాయ నెలకోసారి వస్తుంది. అది ముందే మాట్లాడేశాను." సంతకం పెట్టేశారు.

ఇన్నాళ్ళుగా దాచింది వాళ్ళకి ఎప్పుడో తెలిసిన విషయాన్ని. సిగ్గూ, కోపమూ, బరువు దిగిపోవడమూ అన్నీ ఒకేసారి వచ్చాయి దేదీప్యకి. ఏది ముందో తెలియలేదు. మొద్దుబారిన పెదవికి మళ్ళీ చురుకు వచ్చినట్టు నొప్పిగానే ఉంది.

"ఇక ఆరెంజ్ వాసన అంటావా," ఆయన నవ్వుతూ కోటు జేబులో చెయ్యి పెట్టారు. "ఇది దగ్గర పెట్టుకుంటే రాక ఏమవుతుంది?"

టిష్యూలో చుట్టిన సగం నారింజపండు. బల్ల మీద పెట్టారు. వాసన గుప్పుమంది.

దేదీప్య పగలబడి నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. పండు వాసన! నిజం పండు వాసన, నిజంగానే తన ముక్కుకి తగులుతోంది. బల్ల మీదున్న కాఫీ కప్పు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది... ఏమీ లేదు. ఫరవాలేదు, ఒకటి వచ్చింది, మిగతావి కూడా వస్తాయి.

"వచ్చేసినట్టేగా మరి ముక్కు," అన్నారాయన. "మాయకి తెలిస్తే తిడుతుందని సందులోకి కూడా రాలేదు నేను. పండ్లు తేవద్దని పెద్ద రూల్ చెబుతావు గానీ, మళ్ళీ నువ్వే తెచ్చుకున్నావు."

"నేనా?"

"ఇంకెవరు? మార్కింగ్స్ చూద్దామని పొద్దున్న ఏడింటికి నేనే తాళం తీసి వెళ్ళాను. ఆ పదిహేడో పీపా పైన పెట్టి ఉంది. ఒలిచి మరీ పెట్టావు. టిఫిన్ చేయలేదేమో, సగం తినేశాను. చాలా బాగుంది."

దేదీప్య బల్ల మీది పండు వైపు చూసింది. రాత్రి ఆ పీపా పైన చేత్తో తడిమింది తను. తాళం వేసి లాగి చూసింది తను.

కృష్ణమోహన్ గారు మళ్ళీ ఛాతీ రుద్దుకున్నారు. ఈసారి చెయ్యి ఎడమ భుజం దాకా పోయింది. "ఈ గ్యాస్ ఒకటి..." అంటూ రెండో జేబులోంచి ఏదో తీసి, చెత్తబుట్ట కోసం అటూ ఇటూ చూసి, కనబడక బల్ల మీదే పడేశారు.

దేదీప్య లేచి నిలబడింది. కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"లేవండి అంకుల్. హాస్పిటల్‌కి వెళ్తున్నాం. దారిలో ఆంటీకి ఫోన్ చేద్దాం."

"అరె, చెప్పానుగా, పండు వాసన అది..."

"లేవండి."

ఆ గొంతు విని ఆయన నవ్వు ఆపి, లేచారు. ఆయన్ని ముందు నడిపించి, తలుపు వేయబోతూ దేదీప్య ఒక్కసారి వెనక్కి చూసింది. బల్ల మీద నారింజ తొక్క పడి ఉంది. చుట్టలు చుట్టలుగా, ఒకే రిబ్బను. ఎక్కడా తెగలేదు.